పాత జబ్బుల గడి

ప్రింటర్ నుంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది. ఈ ఉదయం జెద్దాలోని నా ఏసీ మరమ్మతుల దుకాణంలో ఈ ఏటి తామీన్ ఫారం అందుకోగానే ఆ వెచ్చదనం వేళ్ళకు తగిలి మస్తానన్న గుర్తొచ్చాడు. ఇక్కడ ఆరోగ్య బీమాను తామీన్ అంటారు. అది లేనిదే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యూ కాదు. ఏటా అదే ఫారం, అవే ప్రశ్నలు, అదే విసుగు. మూడో గడి దగ్గర మాత్రం నా పెన్ను ఆగుతుంది. పాత జబ్బులున్నాయా, అని అడిగే గడి అది.

మస్తానన్నది మా రాయచోటి పక్క పల్లె. జెద్దా పాతబస్తీ బలద్‌లో ఒక సౌదీ యజమాని నడిపే టైపింగ్ ఆఫీసులో కూర్చుని, అరబ్బీ చదవడం రాని మాలాంటివాళ్ళకు ఫారాలు నింపి, ప్రింటు తీసి వెచ్చగా చేతికిచ్చేవాడు. ముక్కు చివర కళ్ళద్దాలు, పక్కన పుదీనా టీ, నోట్లో ఎప్పుడూ ఒక వెటకారం. ఈ దుకాణానికి ముందు నేను పదకొండేళ్ళు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఏసీలు చూసేవాణ్ణి. ఒంట్లో బాగోకపోతే అక్కడే చూపించుకోవడం, బీపీ మాత్రలు అక్కడే తీసుకోవడం. సొంత దుకాణం పెట్టుకుంటానని మానేసినప్పుడు, ఉద్యోగంతో పాటు ఆ వైద్యం కూడా పోతుందని నాకు తట్టనేలేదు. ఇక ప్రైవేటు తామీన్ నేనే కొనుక్కోవాలి. ఆ పని మీదే ఆయన ముందు కూర్చున్నాను.

"ఒళ్ళు ఎట్లుండాది?" అన్నాడు కీబోర్డు మీద వేళ్ళు ఉంచి.

"అల్హందులిల్లా," అన్నాను.

వేళ్ళు తీసేశాడు. "అల్హందులిల్లా అల్లాకు చెప్పుకో. నాకు రోగం చెప్పల్ల."

మాలో ఎవరు ఒంటి సంగతి అడిగినా జవాబు అదే, అంతా దేవుడి దయ అని. జ్వరంతో వణుకుతున్నవాడూ అదే అంటాడు. దేవుడిచ్చినదాని మీద ఫిర్యాదు చేయకూడదని మా పెంపకం. ఆ మాట విని మిగతా టైపిస్టులు ఆ గడిలో 'లేవు' అని కొట్టేసేవారు. మస్తానన్న అలా కొట్టడు.

"బీపీ అని రాస్తే వాళ్ళు సవాలక్ష కాగితాలు అడుగుతారన్నా. ఇఖామాకు వారమే ఉండాది," అన్నాను.

"అడగనీ. ఈ పొద్దు నువ్వు దాస్తే, పడిపోయిన పొద్దు వాళ్ళే బయటికి తీస్తారు."

అడిగారు. పాత ఫైలు మీద ముద్ర కోసం, మానేసిన ఆసుపత్రి చుట్టూనే మూడుసార్లు తిరిగాను. నన్ను ఏడిపించడానికే పుట్టాడీ మనిషి అని ఎండలో నడుస్తూ తిట్టుకున్నాను.

రెండేళ్ళకు గుండెలో నొప్పి వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంటు వేయాలన్నారు. తామీన్ కంపెనీ నుంచి అనుమతి రావాలి. ఆ పూటంతా మస్తానన్న ఫ్లాస్కు పట్టుకుని నా మంచం పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి అనుమతి వచ్చింది. బీపీ సంగతి మొదటే రాసి ఉండటంతో ఎవరూ కొర్రీ వేయలేదు. చూశావా అని ఒక్క మాట అనలేదాయన. "టీ తాగుతావా? వద్దులే, నీకు కాదు," అని కప్పు నింపుకుని తానే తాగాడు.

తరువాత జనం ఫారాలు ఫోన్లలోనే నింపుకోవడం మొదలుపెట్టారు. యజమాని ఆఫీసు మూసేశాడు. మస్తానన్న ఒక చిన్న గదిలో సొంతంగా బల్ల వేసుకుని, తన తామీన్ తానే కొనుక్కున్నాడు. శుక్రవారం మా దుకాణానికి వచ్చేవాడు. "ఎట్లుండావన్నా?" అనేవాణ్ణి. "అల్హందులిల్లా," అనేవాడు. నేను టీ పోసేవాణ్ణి. కాళ్ళు వాచి చెప్పులు పట్టక మడమలు బయటికి ఉండేవి. చూశాను. అడగలేదు.

ఒక రోజు గదిలోనే పడిపోయాడు. కిడ్నీలు. ప్రభుత్వ ఆసుపత్రివాళ్ళు ప్రాణం నిలబెట్టారు. గండం గడిచాక, తామీన్ ఉంది కదా, ప్రైవేటుకు వెళ్ళండి అన్నారు. తామీన్ కంపెనీ, ఇది దాచిన జబ్బు, అనుమతి ఇవ్వం అంది. సెలవుల్లో ఊరికి పోయినప్పుడల్లా ఎవరికీ చెప్పకుండా కడపలో చూపించుకునేవాడని అప్పుడు తెలిసింది. ఆయన ఫారం తెప్పించి చూశాను. మూడో గడిలో 'లేవు' అని ఉంది.

"ఏంటికన్నా ఇట్ల రాసినావు?"

ఆసుపత్రి మంచం మీద దుప్పటిని వాచిన కాళ్ళ మీదికి లాక్కున్నాడు. "అందరినీ అడిగేది నేనే కదబ్బీ. నన్ను అడిగేవాళ్ళు లేకపాయ. నాకు నేనే అల్హందులిల్లా అనుకుంటి."

ఇక తిరిగి రానని పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రంజాను చూడకుండానే పోయాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ఈ ఉదయం మూడో గడిలో బీపీ, స్టెంటు రెండూ రాసి సంతకం పెట్టాను. తరువాత, నెలనెలా చేసినట్టే, రాయచోటిలో ఉన్న ఆయన భార్య ఖాదర్‌బీ వదినెకు ఫోన్ చేశాను.

"ఎట్లుండావు వదినె?"

"అల్హందులిల్లా."

"అది అల్లాకు చెప్పుకో వదినె. నాకు రోగం చెప్పల్ల."

అది ఎవరి మాటో ఆమెకు తెలుసు. "మోకాళ్ళబ్బీ," అంది మెల్లగా. "పోయిన నెల నుంచి లేచి నిలబడలేకుండా ఉండా."