కింద నుంచి కోసిన నాలుగు వాక్యాలు

ఆమె రోజూ ఉదయం ఆరింటికి పేపరు తెరిచి, ప్రతి వార్తలోనూ ముందు చివరి వాక్యం చదువుతుంది. శీర్షికలు తర్వాత. ఎక్కడైనా వార్త అర్ధాంతరంగా ఆగినట్టుంటే అక్కడ వేలు పెట్టి, "ఇక్కడ కోశారు వెధవలు" అంటుంది. ఎదురుగా టీ తాగుతున్న భర్త తలెత్తడు. ఆయన లెక్కల మాస్టారు. ఏడేళ్లుగా వింటున్నాడు.

ఇప్పుడామె నవలా రచయిత్రి. అంతకుముందు పంతొమ్మిదేళ్లు అదే పేపర్లో సబ్ ఎడిటర్. ఆఫీసులో ఆమెను 'కత్తెర' అనేవాళ్లు, మెచ్చుకోలుగానే. విలేకరులు పంపిన వార్తను పేజీలో ఉన్న చోటుకు సరిపెట్టడం ఆమె పని. పద్ధతి ఒక్కటే. ముఖ్యమైనది పైన ఉంటుంది, చోటు చాలకపోతే కింద నుంచి కోసెయ్యాలి. ఆలోచించనక్కర్లేదు. ఆలోచించే టైమూ ఉండదు.

ఒక సాయంత్రం ఏడున్నరకు, నిండిపోయిన ఐదో పేజీలోకి పరుపుల ప్రకటన వచ్చిపడింది. బట్టల గోడౌను అగ్నిప్రమాదం వార్తలో నాలుగు వాక్యాలు ఎగిరిపోతే అది సరిగ్గా పడుతుంది. ఆమె చివరి నాలుగూ కోసేసి, తర్వాతి వార్త అందుకుంది. అర నిమిషం పని.

మిగిలిన వార్త ఇలా ముగిసింది: 'ఇద్దరు హమాలీలు లోపల చిక్కుకుని చనిపోయిన సమయంలో వాచ్‌మన్ గేటు దగ్గర లేడు.' దాని ముందు వాచ్‌మన్ పేరు, వయసు, అతనుండే సందు ఉన్నాయి.

పోయిన నాలుగు వాక్యాలు ఇవి. గోడౌను తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచరు, మేనేజరు తనతో ఇంటికి తీసుకెళతాడు. మంటలు చూసి వాచ్‌మన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. మేనేజరు ఎత్తలేదు. ఫోన్ తన కొట్టు నుంచే చేశాడని, తర్వాత తాళంచెవి కోసం మేనేజరు ఇంటికి పరుగెత్తాడని పక్కనున్న టీ కొట్టు యజమాని చెప్పాడు.

వార్త రాసిన విలేకరి చేరి నెల కాలేదు. ఎవరిని ఏ వరసలో కలిశాడో ఆ వరసలోనే రాసుకుపోయాడు. వాచ్‌మన్‌నూ టీ కొట్టాయన్నూ చివర్లో కలిశాడు. కొత్తవాడికి పద్ధతి తెలీదు, పాతామెకు పద్ధతి తప్ప ఇంకేమీ తెలీదు. ఈ మాట ఆమెదే.

వారం తిరక్కుండా వాచ్‌మన్ ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబులో పేపరు ముక్క. ఆమె విలేకరి పంపిన అసలు కాపీ తీసి చూసింది. నాలుగూ అక్కడే ఉన్నాయి. సవరణ రాసి న్యూస్ ఎడిటర్ ముందు పెట్టింది.

"మనం వేసిందాంట్లో అబద్ధం ఎక్కడుంది మేడం? గేటు దగ్గర ఉన్నాడా? లేడు. లేడనే వేశాం."

"ఎందుకు లేడో కోసేశాం."

"కోసిందెవరు?"

"నేనే. అందుకే సవరణ కూడా నేనే రాసుకొచ్చా."

"మీరు బాధపడండి, కాదన్ను. పేపర్ని బాధపెట్టకండి. ఇవాళ ఈయనకి వేస్తే రేపు మెట్ల మీద నుంచి క్యూ కడతారు."

గోడౌను యజమాని ఆ పేపరు చూపించే వాచ్‌మన్‌ను తీసేశాడు. ఇంకో గేటు దగ్గర ఎవరూ పెట్టుకోలేదు. సందులో ఆయనకు 'పారిపోయినాయన' అని పేరు పడింది. ఆయన ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చి రిసెప్షన్ బల్ల మీద కూర్చునేవాడు. ఆమె ప్రతిసారీ సవరణ కొత్తగా టైపు చేసి ఇచ్చేది. న్యూస్ ఎడిటర్ ప్రతిసారీ దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకునేవాడు.

రెండేళ్లకు ఆమె రాజీనామా చేసింది. రెండు వాక్యాల ఉత్తరం. దాన్ని మాత్రం ఎవరూ కొయ్యలేదు.

నవల రాయడానికి నాలుగేళ్లు పట్టింది. వంటింటి బల్ల మీద, కూరగాయల బుట్ట పక్కకు జరిపి రాసింది. చివరి అధ్యాయం కాస్త తగ్గించమని ప్రచురణకర్త అడిగాడు. "పైనుంచి ఎంతైనా కోసుకోండి. కిందది ముట్టుకుంటే నా కాగితాలు నాకిచ్చెయ్యండి" అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. పుస్తకం వచ్చింది, పేరు తెచ్చుకుంది. అందులో కోపం చాలా సహజంగా ఉందని సమీక్షకులు రాశారు. అది చదివి ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

మొదటి కాపీ వాచ్‌మన్ ఇంటికి తీసుకెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు.

"ఇందులో నా పేరు లేదు కదమ్మా."

"మార్చానండీ. నవల కదా."

"అంటే కట్టుకథ."

"కథే గానీ, జరిగిందే రాశాను."

"పేరు పెట్టి పేపర్లో తిట్టారు. పేరు లేకుండా పుస్తకంలో మెచ్చుకుంటే ఎలా సరిపోతుంది? మా పక్కింటాయన ఇది కొంటాడా?"

ఆయన భార్య లోపల్నుంచి, "ఇంటికొచ్చిన మనిషితో అలాగేనా మాట్లాడేది?" అంది.

"పోనీ, ఎలా మాట్లాడమంటావు? ఆరేళ్ల నుంచీ మర్యాదగానేగా అడుగుతున్నా."



ఆరు నెలల తర్వాత ఆ పేపరు నుంచే ఫోన్ వచ్చింది. ఆదివారం సాహిత్యం పేజీకి ఇంటర్వ్యూ కావాలట. అడిగిన సబ్ ఎడిటర్ కొత్త మనిషి, వెనకటి గొడవ తెలీదు. ప్రశ్నలు పంపుతుంది, జవాబులు రాసి పంపితే చాలు, ఐదు వందల మాటలకు మించకుండా.

మొదటి ప్రశ్న: 'ఈ నవలకు ప్రేరణ ఏమిటి?' ఆమె వాచ్‌మన్ అసలు పేరు, ప్రమాదం తేదీ, ఐదో పేజీ, తను చేసిన కోత చెప్పి, ఆ నాలుగు వాక్యాలూ ఉన్నవున్నట్టు రాసింది. మిగతా తొమ్మిది ప్రశ్నలకూ పేజీలకు పేజీలు నింపింది.

మాస్టారు లెక్కపెట్టి, "వెయ్యి దాటింది. కుదించడంలో పేరు మోసిన మనిషివి, ఇదేంటి?" అన్నాడు.

"కత్తెరకు మేత వేశాను. కింద నుంచి ఎంత కావాలంటే అంత కోసుకోనీ."

ఆదివారం ఉదయం ఆరింటికి పేపరు తెరిచి, అలవాటుగా చివరి వాక్యం చూసింది. ఏడో జవాబు మధ్యలో తెగిపోయింది. తర్వాత పైకి వెళ్లింది. మొదటి జవాబులో అక్షరం పోలేదు. అయినా ఆమె కోపం తగ్గలేదు. ఐదో పేజీని ఊరంతా చదివింది. సాహిత్యం పేజీని ఎంతమంది చదువుతారో లోపల పనిచేసిన మనిషికి చెప్పనక్కర్లేదు.

తొమ్మిదింటికి ప్రచురణకర్త ఫోన్ చేసి, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో ఒక్క ముక్క లేకుండా కోసేశారని లబలబలాడాడు. ఆమె సరేనని పెట్టేసి వాచ్‌మన్‌కు చేసింది. వెనకాల బస్సుల మోత.

"దుకాణంలో ఇవాళ్టి పేపర్లు పదమూడే ఉన్నాయమ్మా. అన్నీ తీసుకున్నా. మా సందులో ఇళ్లు పదిహేడు."

ఆమె బల్ల మీది పేపరు మడిచి సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుంది. ఇంకా మూడు కావాలి.