తమ్ముడి పేరు రాయించిన ఎర్లిండా

ఎర్లిండా వియాసెన్యోర్‌కు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. రాజకీయాల్లోకి మాత్రం ఆమె కాలువ కోసం వచ్చింది. రైలు పట్టాలకు ఇవతల, మా మెక్సికన్ల వీధుల్లో, వాన నీళ్ళు పోవడానికి కాలువలు లేవు. గట్టి వాన పడితే నీళ్ళు నేరుగా ఆమె బట్టలు కుట్టే ముందు గదిలోకి వచ్చి కుట్టు మిషను కాళ్ళు తడిపేవి. కౌంటీ, అంటే మా జిల్లా, వాళ్ళ రోడ్డు చదును చేసే బండి పట్టాల దాకా వచ్చి, అక్కడే వెనక్కి తిరిగి, తెల్లవాళ్ళ వీధుల్లోకి పోయేది.

అది డెబ్బైల మొదట్లో మాట. టెక్సస్ దక్షిణపు కొస మాది, నది దాటితే మెక్సికో. కౌంటీ జనంలో ఎక్కువమందిమి మేమే. ఉల్లి తోటల్లో, పాలకూర డబ్బాల ఫ్యాక్టరీలో మేమే. కౌంటీ ఆఫీసులుండే కచేరీలో మాత్రం మావాడంటూ ఊడ్చే మనిషి ఒక్కడే.

ఆ ఏడు మావాళ్ళు సొంతంగా ఒక పార్టీ పెట్టారు. చర్చి పక్క హాలులో మీటింగులు. నేను అప్పట్లో పికప్పు బండి నడిపేవాణ్ణి కాబట్టి ఎర్లిండాను తీసుకెళ్ళి తీసుకురావడం నా వంతుకొచ్చింది. పార్టీ గుర్తు కోడిపుంజా, నాగలా అన్న దాని మీద మగవాళ్ళు మూడు ఆదివారాలు కొట్టుకున్నారు. మూడో ఆదివారం ఆమె లేచి నిలబడింది.

"కోడి పెట్టుకుంటారో పిల్లి పెట్టుకుంటారో మీ ఇష్టం. ఇక్కడున్న వాళ్ళలో ఓటరుగా నమోదైన వాళ్ళెంతమంది? చేతులెత్తండి."

సగం చేతులు కూడా లేవలేదు. గుర్తు కోసం అందరికన్నా పెద్దగా అరిచిన పెద్దమనిషి చెయ్యి కూడా లేవలేదు.

"బాగుంది. ఈ కోడిపుంజుకి మేతేసే వాళ్ళే లేరు," అని ఆమె కూర్చుంది.

నమోదు చేయించే పని కూడా చివరికి ఆమె నెత్తినే పడింది. అంతలో పిడుగులాంటి వార్త. దరఖాస్తులో ఏదో లోపముందని కోర్టు మా పార్టీ పేరును బ్యాలెట్ కాగితం మీద అచ్చు వేయనివ్వలేదు. మా అభ్యర్థులకు ఓటు వేయాలంటే, కాగితం మీద ఖాళీగా ఉన్న గీతపైన ఓటరు తన చేత్తో పేరు రాయాలి.

కమిషనర్లుగా నిలబడ్డ ఇద్దరి పేర్లు చిన్నవే, లూనా, సోసా. కౌంటీ జడ్జిగా నిలబడింది మాత్రం ఎర్లిండా తమ్ముడు. జడ్జి అంటే తీర్పులిచ్చేవాడు కాదు, మా దగ్గర కౌంటీని నడిపే పెద్దని అలా పిలుస్తారు. టైర్లకు పంక్చర్లు వేసే ఆ మనిషిని ఊరంతా తేయో అంటుంది. అసలు పేరు ఎలెయుతేరియో వియాసెన్యోర్. మా స్పానిష్‌లో వ, బ ఒకేలా పలుకుతాం. ఏ అక్షరం రాయాలో చదువుకున్నవాడు కూడా తడుముకుంటాడు.

"తేయో అని రాస్తే చాలదా?" అంది ఎర్లిండా.

"చాలదు. లాయరు పూర్తి పేరు రాయమన్నాడు," అన్నాడు తమ్ముడు.

"అయితే నువ్వు తప్పుకో. లూనాని కౌంటీ పెద్దగా నిలబెడదాం. ఎల్, యూ, ఎన్, ఏ, నాలుగక్షరాలతో పోతుంది."

"అమ్మ పెట్టిన పేరక్కా."

"అమ్మకి రాయడం రాదు కాబట్టి పెట్టింది. వస్తే నీకు లూయీస్ అని పెట్టేది."

తమ్ముడు తప్పుకోలేదు. ఎర్లిండా మిషను పక్కకు జరిపి, గోడకు నల్ల కోటు గుడ్డ మేకులతో కొట్టి, గుడ్డల మీద గుర్తులు పెట్టే సుద్దతో తమ్ముడి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఉల్లి తోటల నుంచి జనం సాయంత్రాలు నేరుగా వచ్చేవారు. కొందరు పెన్సిల్ పట్టుకోవడం అదే మొదటిసారి. కత్తెర పట్టినట్టు పట్టుకునేవారు.

పక్కింటి పాన్‌ఫిలా రోజూ వచ్చేది, రోజూ 'వి' బదులు 'బి' రాసేది.

"వదినా, చెవికి రెండూ ఒకటే కదా."

"చెవికి ఒకటే. కాగితానికి చెవులుండవు. మళ్ళీ రాయి."

తిబుర్సియో అని డెబ్బై దాటిన ముసలాయన ఉండేవాడు. ప్రతి అక్షరం ముత్యంలా రాసేవాడు గానీ, నాలుగు అక్షరాలు కాగానే పెన్సిల్ కింద పెట్టి, నీళ్ళు తాగి, వాతావరణం గురించి మాట్లాడేవాడు.

"బాబాయ్, నువ్విలా రాస్తే పోలింగు అయిపోయి మళ్ళీ ఎన్నికలొస్తాయి," అనేది ఎర్లిండా.

"తొందరపడితే అక్షరం పాడవుతుందమ్మాయ్."

ఇంకో చిరాకు ఉత్తరాది నుంచి వచ్చింది. మావాళ్ళు చాలామంది చక్కెర దుంపల పనికి ఉత్తరాదికి పోతారు. ఆ శరదృతువులో వాళ్ళ లారీలు ఆలస్యంగా తిరిగొచ్చాయి. వచ్చినవాళ్ళకు పేరు నేర్పే వ్యవధి లేదు. ఎర్లిండా నా బండి ఎక్కి, వాళ్ళు సామాన్లు దించుతుండగానే లారీ పలకల మీద సుద్దతో రాసి చూపించింది. ఒకడు నవ్వి, "దిగీ దిగకముందే బడి పెట్టేశావేంటి," అన్నాడు. ఆమె వాడి చేతిలోని మూట లాక్కుని, పేరు రాసేదాకా ఇవ్వలేదు.

పోలింగు రోజు కచేరీ కింది గదిలో ఓటింగు. ఎర్లిండా బయట ఎండలో నిలబడింది. లోపలి సంగతులు బయటికొచ్చినవాళ్ళు చెబుతుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది. ఒకావిడ ఖాళీ గీత మీద తన పేరే రాసి వచ్చింది. ఇంకొకాయన ఎలెయుతేరియో వరకు రాసి, ఇంటిపేరు ఎలాగూ అందరికీ తెలుసు కదా అని వదిలేశాడు. తిబుర్సియో లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. తొందరపెట్టిన అధికారిని ఆయన, "పెన్సిల్ మొద్దుబారింది, ఇంకోటి ఇప్పించండి బాబూ," అని అడిగాడట. వాళ్ళు ఇవ్వక తప్పలేదు.

లెక్కింపు మర్నాడు మధ్యాహ్నానికి గానీ తెమల్లేదు. కాగితాల మీద తమ్ముడి పేరు ఎన్ని రూపాల్లో ఉందో చెప్పలేం. లెయుతేరియో, ఉతేరియో, బియాసెన్యోర్, ఒకచోట ఎలెక్టోరియో. అవేవీ చెల్లవని అవతలి పక్షం తెల్లవాళ్ళు కోర్టుకెక్కారు. పొరుగు ఊరి నుంచి వచ్చిన న్యాయమూర్తి కాగితాలన్నీ తిప్పి చూసి అవతలి లాయరును ఒకటే అడిగాడు.

"ఇలా వినిపించే పేరున్న మనిషి ఈ కౌంటీలో ఇంకెవరైనా పోటీలో ఉన్నారా?"

"లేరండీ."

"అయితే వీళ్ళు ఎవరికి వేశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

అలా గెలిచాం. కౌంటీని నడిపే మండలిలో పెద్దతో కలిపి అయిదుగురు, వాళ్ళలో ముగ్గురు మావాళ్ళు. వీధిలో గిటార్లు, మొక్కజొన్న పిండితో చేసిన టమాలేలు, కన్నీళ్ళు. ఎర్లిండా మాత్రం ఒక కుర్చీలో కూలబడి, "అంటే నేను వాళ్ళ చేత 'వి' రాయించడానికి గొంతు చించుకున్నదంతా ఎందుకు?" అంది.

పాలన మొదలయ్యాక ఆమె చిరాకు ఇంకా పెరిగింది. రోడ్డు బండి నడిపేవాడు మావాళ్ళ కింద పని చేయనని మానేశాడు. తమ్ముడు మొదటి మీటింగంతా మా ముసలివాళ్ళకూ అర్థమయ్యేలా నోటీసులు స్పానిష్‌లో కూడా వేయాలన్న తీర్మానం మీద మాట్లాడాడు. అది మంచి తీర్మానమే. అయినా ఆమె వెనక బల్ల నుంచి, "కాలువ ఎప్పుడు?" అని అడిగింది. తమ్ముడు ముఖం ఎర్రగా చేసుకుని, "అక్కా, వరస ప్రకారం వస్తుంది," అన్నాడు.

కాలువ రెండో ఏడాది వచ్చింది. తొందరలో వాలు తప్పుగా తవ్వారు. ఎర్లిండా ఇంట్లోకి వచ్చే నీళ్ళు ఇప్పుడు పాన్‌ఫిలా పెరట్లోకి పోయాయి. పాన్‌ఫిలా ఆమెతో మాట్లాడడం మానేసింది. ఎర్లిండా మళ్ళీ కచేరీకి వెళ్ళి, ఈసారి పాన్‌ఫిలా కోసం, సొంత తమ్ముడి మీద అరిచింది. వాలు సరిచేసేదాకా ప్రతి వారం అరిచింది.

తర్వాతి ఎన్నికలకు పార్టీ పేరు, అభ్యర్థుల పేర్లు అచ్చులోనే వచ్చాయి. ఇక ఎవరూ రాయనక్కర్లేదు. ఆ ఎన్నికలు ముగియగానే ఎర్లిండా గోడ మీది నల్ల గుడ్డ తీసేసి దానితో ఎవరికో కోటు కుట్టేసింది. ఆ వారమే తిబుర్సియో టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, ఎన్నికలైపోయాయిగా?"

"నీ తమ్ముడి పేరు రాయడం వచ్చమ్మాయ్. నా పేరు రాదు."

ఆమె తలపట్టుకుంది. చేతిలో ఒక పెళ్ళికూతురి గౌను ఉంది, శనివారానికి ఇవ్వాలి. అయినా కుర్చీ లాగింది. తిబుర్సియో అన్నది తేలిగ్గానే వచ్చింది. ఇంటిపేరు సెర్తూచే దగ్గర ఆగిపోయారు. మా పలుకులో రెండూ ఒకటే కాబట్టి, అది 'ఎస్'తో మొదలవుతుందో 'జెడ్'తో మొదలవుతుందో ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన్ని రాయమని అడగలేదు.

"నీకేది సులువైతే అది నేర్పు," అన్నాడు.

"నా పేరు కాదు బాబాయ్ అది, నీ పేరు. నువ్వే చెప్పు."

ఆయన రెండు అక్షరాలనూ గుడ్డ ముక్క మీద రాయించుకుని, ఇంటికి పట్టుకెళ్ళి, మర్నాడు తిరిగొచ్చాడు. 'జెడ్' మీద వేలు పెట్టాడు.

"ఇది. మూడు గీతలే కదా, చెయ్యి వణకదు."

"సరే, కూర్చో. నీళ్ళు ముందే తాగేసెయ్," అంది ఎర్లిండా.