కస్తూరత్త తినని అన్నం

కష్టాలు పడితే మనిషి గట్టిపడతాడని ఎవరైనా అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మద్రాసు చింతాద్రిపేటలో మా వీధి వీధంతా కస్తూరత్తను చూపించి ఆ మాటే అనేది. నేనూ అన్నాను. అందుకే ఈ మంట.

కస్తూరత్త మా పక్కింటామె. పెళ్లైన ఏడేళ్లకే మొగుడు క్షయతో పోయాడు. అప్పడాలు ఒత్తి అమ్ముకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచింది. కూవం నది పొంగి వీధుల్లోకి వచ్చిన ఏడాది, పదహారేళ్ల కొడుకు కామెర్లతో పోయాడు. నెల తిరక్కుండానే ఆమె మళ్లీ అప్పడాల పీట ముందు కూర్చుంది. ఎంత గుండె ధైర్యమో అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. కూర్చోకపోతే ఆమెకూ కూతురు కోకిలకూ పూట గడవదని ఒక్కరికీ తోచలేదు.

అప్పటినుంచి వీధిలో చావు కబురు చెప్పే పని ఆమె నెత్తిన పడింది. టెలిగ్రాం తంతి ఇంగ్లీషులో ఉండేది గనుక తపాలా జవాను దాన్ని నా దగ్గరికే తెచ్చేవాడు. నేను చదివి కస్తూరత్తకు చెబితే, ఆమె వెళ్లి ఆ ఇంటివాళ్లకు చెప్పేది. కబురు తెలిశాక ఇంట్లో పొయ్యి వెలగదు కదా, అందుకని ముందు వాళ్ల చేత నాలుగు ముద్దలు తినిపించేది. ఆదికేశవులుగారి తల్లి గుడియాత్తంలో పోయినప్పుడు, ఆయన అనుమానంగా చూస్తుంటే, "ఏంలే నాయనా, ముందు తిను," అంటూ తనే రసం పోసింది. ఆయన చెయ్యి కడుక్కున్నాకే చెప్పింది.

ఎనభై ఒకటి వేసవిలో ఒక మధ్యాహ్నం అరక్కోణం నుంచి తంతి వచ్చింది. రెండో కాన్పని అత్తగారింట్లోనే ఉండిపోయిన కోకిల, కడుపులో బిడ్డతో సహా పోయింది. నేను పరుగున వెళ్లాను. కస్తూరత్త కంచం ముందు కూర్చుని మజ్జిగన్నం కలుపుకుంటోంది. ఒక్క క్షణం ఆగుదామని కూడా నాకు అనిపించలేదు. ఆమె గట్టి మనిషి కదా!

"అత్తా, మన కోకిల పోయిందంట," అనేశాను.

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా మొహంలోకి చూసి, "నేనింకా తినలేదు గదా హైమా," అంది. ఏడవలేదు.

ఏడవనందుకు కూడా వీధి మెచ్చుకుంది. "ఆయమ్మ ఎన్ని చూసుండాది! ఇదీ తట్టుకుంటాది," అన్నాడు ఎదురింటి గోపాలయ్య.

తట్టుకోలేదు. ఆ రోజు నుంచి కంచం పెడితే పక్కకు నెట్టేది. బతిమాలితే ముద్ద నోటిదాకా తెచ్చి, గుమ్మం వైపు చూసి, దించేసేది. తింటే ఎవరో వచ్చి ఏదో చెబుతారని భయం. పోవడానికి ఆమెకింక కన్నబిడ్డలెవరూ మిగల్లేదు, అయినా భయమే. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు చూసి బలానికి మందు రాసిచ్చాడు. కార్తీకం వచ్చేసరికి మంచానికి అతుక్కుపోయింది.

ఆఖరి వారంలో నేను గంజి పట్టుకెళ్లాను. గ్లాసు చూడగానే చేత్తో నోరు మూసుకుంది.

"ఒక్క గుక్క తాగత్తా. నీకేమీ చెప్పనులే," అన్నాను ఏడుస్తూ.

ఆమె చెయ్యి కొంచెం తీసింది.

"నేనూ అందరికీ అట్నే చెప్తా ఉంటిని గదమ్మా," అంది.