కారు తలుపు అరలో తెల్లగుడ్డలు

మా పక్కింటి నర్సమ్మ పోయింది. మంగళవారం పొద్దున పాలామె గోడ మీదుగా కేకేసినప్పుడు నేను కారు వెనకసీటును సర్ఫు నీళ్ళతో రుద్దుతున్నాను. "అన్నా, నర్సమ్మ పలకడంల్యా. ఒకసారి రాన్నా" అంది. వెళ్ళి చూస్తే మంచం మీద పక్కకు తిరిగి పడుకునే ఉంది. కాళ్ళ దగ్గర ఆమె పిల్లి. అప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. హమ్మయ్య, ఇక నా కారుకు ఈ కంపు వదిలింది అనుకున్నాను.

పుల్లలచెరువు వైపు పల్లెల్లో కాలినడకన తిరిగి సూదులు వేసి, కాన్పులు చేసి, రిటైరయ్యాక మార్కాపురం వచ్చి మా పక్కింట్లో అద్దెకు దిగిందామె. పెళ్ళి చేసుకోలేదు. వీధిలో అందరికీ నర్సమ్మే, నాకు మాత్రం పెద్దమ్మ. గిద్దలూరులో ఆమె అక్క మంచాన పడి ఉంది. రెండు వారాలకో ఆదివారం వెళ్ళి ఆమెకు తలకు పోసి, గోళ్ళు తీసి వచ్చేది. పిల్లిని వదిలి వెళితే అది తిండి మానేసి రోజంతా అరిచేది, ఆ కోపమంతా మా మెట్ల మీద చూపించేది. మెట్లు కడిగేది మేమే. బస్సులో దాన్ని ఎక్కించుకోం అన్నారు. అందుకని నా కారు.

నాకు రోత ఎక్కువ. ఎవరో తాగిన గ్లాసు, అన్నంలో వెంట్రుక, పక్కవాడి చెమట, ఏదైనా కడుపులో తిప్పేస్తుంది. అలాంటివాణ్ణి అద్దాలెత్తిన కారులో పిల్లితో కూర్చోబెట్టింది. ఊరు దాటగానే బొంగురు గొంతుతో ఒక అరుపు. తర్వాత మూతి నాక్కోవడం, తీగలు సాగే జొల్లు. కంభం చేరేలోపు కచ్చితంగా కక్కేది. పులిసిన పెరుగన్నం, వెంట్రుకల ఉండలు. ఒకసారి అందులో బల్లితోక కనబడింది. నేను కారు ఆపి, దిగి, రోడ్డు పక్కన నేనూ కక్కాను. నర్సమ్మ ముందు పిల్లి మూతి తుడిచి, తర్వాత నాకు నీళ్ళసీసా అందించింది.

"ఇద్దురు పిల్లల్ని ఏసుకొని తిరగాల్సొచ్చె నాకు" అంది.

తుడిచే గుడ్డలు ఆమె పాత తెల్లచీరలు చింపి చేసినవి. వేడినీళ్ళలో ఉడకేసి, ఎండలో ఆరేసి, నాలుగు మూలలూ కలిపి మడతపెట్టి నా కారు తలుపు అరలో పెట్టేది. ఆమె ఎంత తుడిచినా నాకు తృప్తి ఉండేది కాదు. ఇంటికొచ్చాక చాటుగా మళ్ళీ కడిగేవాణ్ణి. చాటుగా అనుకున్నది నేనే. ఆమెకు తెలుసు.

ఒక ఆదివారం కంభంలో టీకొట్టు దగ్గర ఆగితే అక్కడ కూర్చున్న పెద్దాయన కారులోకి తొంగిచూసి, "పిల్లిని పెట్టుకొని బయల్దేరినారు, ఏందమ్మా ఇది?" అన్నాడు.

"ఎదురొస్తే గదన్నా కీడు. ఇది మనతోనే వస్తా ఉంటే ఏం కీడు?" అంది నర్సమ్మ, పిల్లికి సాసర్లో పాలు చల్లారుస్తూ. ఆ పాలు కూడా తర్వాత నా సీటు మీదికే వచ్చాయి.

ఇంత రోత పడుతూ ఆమెను ఎందుకు తిప్పానంటే, దానికి కారణం మా నాయన. ఆయన మంచాన పడి మూడు నెలలున్నాడు. పొద్దున, సాయంత్రం నర్సమ్మ వచ్చి శుభ్రం చేసి, వీపు తుడిచి, పౌడరు చల్లేది. నేను గుమ్మం బయట ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొని నిలబడేవాణ్ణి. లోపలికి రమ్మని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఒకరోజు చేతులు కడుక్కుంటూ మాత్రం, "రోత ఎవురికైనా ఉంటది అబ్బయ్యా. చెయ్యి పెట్టేదాకనే. పెట్టినాక అది పనే" అంది.

నాయన పెద్దదినం నాడు భోజనాల దగ్గర బంధువులు ఆ మాటే ఎత్తారు. "మూడు నెలలు మంచాన ఉన్యా ఒంటిమీద పుండు లేకుండా పోయినాడు. ఎవురు చూసుకున్యారో" అన్నారు. నర్సమ్మ విస్తరిలోంచి తలెత్తకుండా, "ఇంకెవురు? అంతా కొడుకే చేసినాడు" అంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. ఆ పూట నా మీద నాకు పుట్టినంత రోత పిల్లి కక్కు మీద కూడా ఎప్పుడూ పుట్టలేదు.

ఇప్పుడు నర్సమ్మ చిన్నదినం అయిన మర్నాడు, పామూరు నుంచి వచ్చిన ఆమె అన్నకొడుకు ఇల్లంతా ఫినాయిలు పోసి కడిగించాడు. ఆమె దుప్పట్లను రెండువేళ్ళతో పట్టుకొని బయట పడేశాడు. పిల్లిని గోతంలో వేసి, మూతి కట్టి నా దగ్గరికి తెచ్చాడు.

"బావా, నీకు కారుంది గదా. దోర్నాల అవతల అడివిలో వదిలేసి రా. గోతంలో పోతే దానికి దారి తెలీదు, మళ్ళా రాదు. మాకీ కంపు పడదు."

అక్కడ చిరుతలు తిరుగుతాయని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నాకూ కంపు పడదు. సరేనన్నాను.

గోతాన్ని డిక్కీలో పెట్టి బయల్దేరాను. దోర్నాల దాటింది, అడవి మొదలైంది. అది అరవలేదు. కంపు మాత్రం ముందు సీటు దాకా వచ్చింది. కారు ఆపి డిక్కీ తెరిస్తే గోతం తడిసిపోయి ఉంది. మూతి విప్పాను. కక్కు, ఉచ్చ, దానిలోనే ఒంటికి గోనెపీచు అంటుకొని పిల్లి. తల ఎత్తలేకపోతోంది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఈసారి నిలబడటానికి గుమ్మమూ లేదు, చెయ్యడానికి నర్సమ్మా లేదు.

తలుపు అరలో నాలుగు గుడ్డలున్నాయి. పోయిన ఆదివారం ఆమె పెట్టినవే.

ముందు మూతి తుడిచాను, తర్వాత కాళ్ళు, పొట్ట. రోత పోలేదు. రోత పడుతూనే తుడిచాను. వేళ్ళకింద దాని ఎముకలు తగిలాయి. మా నాయన వీపు ఎలా ఉండేదో నా చేతులకు తెలియదని అప్పుడు ఏడుపొచ్చింది. పిల్లి నా ముఖం మీద తుమ్మింది. దాన్ని ముందు సీట్లో పడుకోబెట్టి కారు వెనక్కి తిప్పాను.

నాకు పిల్లి మీద ప్రేమ పుట్టిందని అనుకోకండి. ఇది రాస్తుంటే నా కుర్చీకింద పడుకొని ఏదో నాకుతోంది, చూస్తేనే చీదరగా ఉంది. కానీ మా నాయనకు చేసింది నేను కాదు, నర్సమ్మ. ఆనాడు విస్తరి ముందు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను.

రేపు ఆదివారం. మామూలుగా వెళ్ళే వారం కాదు. గిద్దలూరు నుంచి నర్సమ్మ అక్క ఫోను చేయించి, "పిల్లి ఏడుందబ్బయ్యా?" అని అడిగింది. తీసుకొస్తానన్నాను. వాడిన మూడు గుడ్డలనూ వేడినీళ్ళలో ఉడకేసి ఆరేశాను. మడత ఆమె పెట్టినట్టు కుదరలేదు. కంభం చేరేలోపు ఆ మూడూ సరిపోవాలి. నాలుగోది నేను తీయను. అది ఆమె చేతి మడతతోనే తలుపు అరలో ఉంది.