చార్టు మీది బొచ్చె

నా చిన్నప్పుడు శామీర్‌పేట చెరువు చుట్టూ ఉన్న ఏ బడిలోనూ నా అంత తొందరగా రాత నేర్చినవాడు లేడు. పొద్దున పలక పట్టాను, మధ్యాహ్నం ఉప్మా గంట కొట్టేసరికి అక్షరాలన్నీ నా చేతిలో ఉన్నాయి.

సరే, కొంచెం సాగదీశాను. ఒకటో తరగతిలోనే రెండేళ్లు కూర్చున్నాను. రెండో ఏడు నా పక్కనున్న పిల్లలకు చిన్నాయనలా కనబడేవాణ్ణి.

మాది చేపలు పట్టే ఇల్లు. "దసరా దాంక సూస్త. పేరు రాయొస్తె బడికి పో. రాకుంటె నా ఎంబడి వల మొయ్యి," అన్నాడు ఆ రెండో ఏడు మా నాయిన. ఆయన మాట అంటే మాటే. నాకేమో బడి కావాలి. అందరం కలిసి గొంతులు చించుకుని అరిచే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది?

బడిలో ఉన్నది ఒకటే చార్టు. అక్షరం పక్కన బొమ్మ ఉండేది. టీచరమ్మ బెత్తం ఆనిస్తే మేం అరవాలి. నేను అక్షరం వైపు చూసిన పాపాన పోలేదు, బొమ్మ చూసి అరిచేవాణ్ణి. అమ్మ, ఆవు, ఇల్లు అన్నీ సాఫీగా సాగేవి. 'చ' దగ్గర చేప బొమ్మ. తరగతంతా "చేప" అంటే నేనొక్కణ్ణే "బొచ్చె" అనేవాణ్ణి. మా ఇంట్లో వట్టి చేప అని ఎవరూ అనరు. 'చేప దొరికింది' అనడం, 'ఎవరో మనిషి వచ్చాడు' అన్నట్టే. ఎవరో చెప్పొద్దూ? అందరూ నవ్వేవారు. నవ్వులు ఎక్కువయ్యాక చార్టు ముందు నోరు తెరవడమే మానేశాను. దసరా దగ్గర పడింది.

టీచరమ్మ గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చింది. ఒకరోజు నన్ను చార్టు దగ్గరికి పిలిచింది.

"ఏరా అబ్బాయ్, ఇది చేప కాదూ?"

"చేపనే టీచర్. గని బొచ్చె. తలకాయ సూడుండ్రి, ఎంత పెద్దగుందో! కొర్రమట్టయితె పాము లెక్కుంటది."

ఆమె బొమ్మ దగ్గరికి వంగి చూసి, పగలబడి నవ్వింది. "నేను అక్షరం చదువుతుంటే నువ్వు బొమ్మ చదువుతున్నావన్నమాట!" అని చార్టును గోడవైపు తిప్పేసింది. "ఇవాళ నువ్వు చెప్పు, నేను రాస్తా."

నేను బొచ్చె, జెల్ల, కొర్రమట్ట అని చేపల పేర్లు చెబుతుంటే ఆమె సుద్దముక్కతో నేలమీద చాటంత అక్షరాలు రాసింది. వాటి వెంట చింతగింజలు పేర్చమంది. గొంతుకూర్చుని ఒక్కో వంపూ తిరిగాను. తర్వాత గింజలు తీసేసి ఆ గీత మీదే వేలు తిప్పించింది. చివరికి సుద్దముక్క నా చేతికిచ్చింది. రోజూ ఇదే ఆట.

దసరా సెలవుల ముందు మా నాయిన మోకాళ్ల దాకా తడిసిన పంచెతో బడికొచ్చాడు. "పేరు రాయరా," అంది టీచరమ్మ. నా బుర్ర ఖాళీ అయిపోయింది. చెయ్యి మాత్రం కదిలింది. గుమ్మం నుంచి గోడ దాకా రాశాను.

"గిదేనా నీ పేరు?" అన్నాడు చదువు రాని మా నాయిన.

అవునంటే సరిపోయేది. కానీ టీచరమ్మ, "కాదండీ, కొర్రమట్ట అని రాశాడు. ఒక్క తప్పు లేదు," అంది.

నాయిన కూర్చుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "నిజమే. మస్తు పొడుగుంది," అన్నాడు. తరగతి గొల్లుమంది. "పేరుకేముంది, అందరికెరుకనే. రేపు జెల్ల గూడ రాపియ్యుండ్రి టీచరమ్మా," అని నన్నక్కడే వదిలి వెళ్లాడు. వెళ్తుంటే ఆయన కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి.

ఇప్పుడు పట్నంలో, సుచిత్ర దగ్గర, మా మనవరాలి బడిలో నాలుగు గోడలూ చార్టులే. అయినా మా ఇంటికొచ్చిన ఏ పిల్లకు రాత నేర్పాలన్నా ముందు బొమ్మ చూపించి, "మీ ఇంట్ల దీన్నేమంటరు బిడ్డా?" అని అడుగుతాను. ఆ పిల్ల చెప్పాకే సుద్దముక్క తీస్తాను.

అదే బడిలో చదివిన మా అక్కకు ఇదంతా చదివి వినిపించాను. తమలపాకు నములుతూ చివరిదాకా వింది.

"నాయిన ఏడ్సిండా? ఎన్నడేడ్సిండురా! నవ్వుకుంట వోయిండు. ఏడ్సింది నువ్వు. ముక్కు గూడ నా లంగకే తుడ్సినవ్. ముందుగాల గది రాయి!"