ఫొటోలో లేని ముఖం

పన్నెండేళ్లుగా మోస్తున్నాను. మీరు మా అక్కకు తెలిసినవారు కాదు కాబట్టి మీకు రాస్తున్నాను.

సాలూరు లారీకి మా బావ డ్రైవరు, నేను క్లీనర్ని. నాకు లైసెన్సు లేదు. తిన్నటి రోడ్డు వస్తే బావ స్టీరింగు నాకిచ్చి, పక్క సీట్లో క్యారేజీ విప్పుకుని అన్నం తినేవాడు. మావాళ్లంతా అలాగే నేర్చుకున్నారు. ఒక మధ్యాహ్నం సైకిలు మీద ఒక ముసలాయన అడ్డొచ్చాడు. అడ్డొచ్చాడట! ఇప్పటికీ అదే మాట అంటున్నాను చూడండి. నేనే గుద్దాను. ఆయన అక్కడికక్కడే పోయాడు.

జనం మూగారు. కానిస్టేబులు వచ్చి, బండి ఎవడు తోలాడని అడిగాడు. నా వేలు బావ వైపు లేచింది. లేచిందా? నేనే లేపాను.

బావ కుడిచేతికి పెరుగన్నం ఇంకా అంటుకునే ఉంది. ఆ చెయ్యి ఎవరూ చూడలేదు. బావ నన్ను చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు, వీడేనా అన్న ఆశ్చర్యమే ఉంది. చెయ్యి లుంగీకి తుడుచుకుని "నానేనండి" అన్నాడు.

జీపు ఎక్కేటప్పుడు "బావా..." అన్నాను.

"నోర్ముయ్. నీకు లైసెన్సు నేదు. అక్కకి సెప్పకు."

ఆ మాటనే ఇన్నేళ్లూ అడ్డం పెట్టుకున్నాను. బావ జైలుకెళ్లొచ్చాడు, లైసెన్సు పోయింది, ఇప్పుడు మూటలు మోస్తున్నాడు. కూరలో ఉప్పు లేదంటే చాలు, "మనిషిని సంపీసినోడికి రుసులు కూడానేటి?" అంటుంది అక్క. ఆయన తలొంచుకుని తింటాడు. దొంగకు తేలు కుట్టినట్టు నేనూ పక్కనే తింటాను.

తర్వాత నాకూ లైసెన్సు వచ్చింది. స్టీరింగు పట్టుకుంటే ఆనాటి బావ ముఖం, చేతుల్లో వణుకు. విజయనగరంలో డాక్టరుకు చూపించుకున్నాను. యాక్సిడెంటు చూశానని, అప్పటి బావ ముఖం కళ్లముందుకొస్తోందని మాత్రమే చెప్పాను. బావ ఫొటో రోజూ చూడమన్నారు డాక్టరు. చూసినా ఏ కీడూ జరగదని ఒంటికి అలవాటైతే భయం తగ్గుతుందన్నారు. పెళ్లి ఫొటోలో నవ్వుతున్న బావను మూడు నెలలు చూశాను. వణుకు పోయింది. ఎంత సంబరపడ్డానో! నాకు పోవలసింది భయమేనా?

మొన్న చెక్‌పోస్టులో ఎవరో అడిగారు, బండి ఎవరు తోలుతున్నారని. అంతే, ఆ ముఖం మళ్లీ వచ్చేసింది. మళ్లీ వెళితే, పాత భయం చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం కూర్చుంటుందంతే అన్నారు డాక్టరు. ఆ ముఖం ఉన్న ఫొటో దొరుకుతుందా అని అడిగారు. ఎక్కడ దొరుకుతుంది? దాన్ని చూసింది నేనొక్కణ్ణే.

ఆ రోజు బండి తోలింది నేను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అక్కకు మాత్రం చెప్పలేను, నా సంగతి నాకు తెలుసు. ఆదివారం భోజనానికి రమ్మంది. బావ పక్కనే కూర్చోవాలి.