చైనా దాకా పోయిన చాయ్ హోటల్

2007, ఎండాకాలం చివర. వనపర్తి అప్పటికి జిల్లా కాలేదు. బస్టాండు ఎదురుగా మెట్లెక్కితే నా నెట్ సెంటర్. ఆరు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డాలు. ఆ అడ్డాల వెనక ఒక మనిషి ఇరుక్కుని కూర్చునే చోటును క్యాబిన్ అనేవాళ్లం. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. మిర్చీ తిన్న చేత్తో కీబోర్డు ముట్టుకున్న వాణ్ని అక్కడికక్కడే కడిగేసేవాణ్ని. అయినా జనం వచ్చేవాళ్లు, పాపం, వేరే చోట లైన్ ఊరికే తెగిపోయేది మరి.

సుజాత ఎప్పుడూ నాలుగో క్యాబిన్‌లోనే కూర్చునేది. పాన్‌గల్ అవతల ఒక పల్లె ఆమెది, బీఎడ్ చదువుతుండేది. నోట్సు వెతుక్కోవడం అయిపోగానే ఒక ఫోరమ్ తెరిచేది. ఫోరమ్ అంటే ముక్కూ మొహం తెలియనివాళ్లు మారుపేర్లతో వాదించుకునే వెబ్‌సైటు. ఒక ప్రశ్న కింద వరసగా వచ్చే జవాబులన్నీ కలిపి థ్రెడ్. ఆమె పట్టుకున్న థ్రెడ్‌లో ప్రశ్న ఒక్కటే: మనుషుల్లో ఎక్కువతక్కువలు ఇండియాలో జాస్తా, చైనాలో జాస్తా?

"చైనోళ్లతోని నీకేం పంచాయితీ అమ్మా?" అని నవ్వాను ఒకసారి.

"చైనోళ్లతోని కాదు భాయ్, మనోళ్లతోనే," అంది. "ఒకడు రాస్తుండు, కులం గిలం ఎప్పుడో పోయిందట. చైనాలనే పల్లెల పుట్టినోని కాయితం మీద పల్లె అనే రాసుంటదట, పట్నం పోయినా పిల్లలకు బడిల సీటు దొరకదట. గది నిజమే కావచ్చు. గంత మాత్రాన మన దగ్గర లేదంటే ఎట్ల?"

కులం పోయిందన్న ఆ మనిషి రుజువు చూపమన్నాడు. రెండు రోజులకు సుజాత ఎవరిదో ఫోన్‌లోని మెమరీ కార్డు తెచ్చింది. కార్డులోని బొమ్మలను కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్డ్ రీడర్ నా దగ్గరే ఉండేది కాబట్టి నేనే ఎక్కించాను. వాళ్ల ఊరి చాయ్ హోటల్ ఫోటో అది. లోపల బల్ల మీద కూర్చున్నవాళ్ల చేతుల్లో గాజు గ్లాసులు. బయట బండ మీద, మనకు వీపు చూపిస్తూ ఒక మనిషి, అతని చేతిలో ప్లాస్టిక్ కప్పు. హోటల్ బోర్డు, దాని మీద ఊరి పేరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ బోర్డు చూస్తే ఏ ఊరో ఇట్టే తెలిసిపోతుంది. "బోర్డు కోసేద్దామా?" అంటే వద్దంది, ఉన్నదున్నట్టే థ్రెడ్‌లో పెట్టింది.

వారం తిరగలేదు, నలుగురైదుగురు మెట్లెక్కి వచ్చారు. ముందున్న పెద్దమనిషి సుజాత వాళ్ల ఊరి మాజీ సర్పంచ్, ఊళ్లో అందరికీ పటేల్. పక్కన ఆ చాయ్ హోటల్ నడిపే అంజయ్య. చివర వచ్చిన మనిషి మాత్రం లోపలికి రాలేదు. తువ్వాలు చేతిలో పట్టుకుని గుమ్మం అవతలే అటు తిరిగి నిలబడ్డాడు. ఆ వీపును గుర్తుపట్టడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"యూసుఫూ, మా అల్లుడు బెంగుళూరు నుంచి ఫోన్ చేసిండు," అన్నాడు పటేల్, సైటు పేరు రాసిన చీటీ నా ముందు పెడుతూ. "మా ఊరి పోరలు నీ తానకే వస్తరు. చైనోని ముంగట మా ఇజ్జత్ తీసిన నా కొడుకెవడో నాకు తెల్వాలె."

"ఇంకెవడు పటేలా, మల్లయ్య కొడుకు శీనుగాడే," అన్నాడు అంజయ్య. "డిగ్రీ సదువుతుండు గదా, గా మదం."

మల్లయ్య అంటే గుమ్మం అవతల నిలబడ్డ మనిషి, ఫోటోలో ఉన్నాడని వెంట తీసుకొచ్చారు. సుజాత తండ్రి. శీను ఆమె తమ్ముడు. ఆమె నాలుగో క్యాబిన్‌లోనే ఉంది, కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

చచ్చినట్టు థ్రెడ్ తెరిచాను. చదవమన్నాడు. "నాకంత ఇంగ్లీషు రాదు పటేలా," అని తప్పించుకోబోయాను. పటేల్ అటూ ఇటూ చూశాడు, అడ్డం మీదుగా ఆమె తల కనిపించింది.

"మల్లయ్య బిడ్డవు గదా నువ్వు? మంచిగ దొరికినవ్. రా, జర తెలుగుల చెప్పు."

యా అల్లా అనుకున్నాను. కొంచెం దాటేసి చదవమని కళ్లతోనే బతిమాలాను. ఆమె నా వైపు చూడనే లేదు.

"ఈ ఫోటో కావాలని తీసింది, మా దగ్గర ఇట్లాంటివి లేవు," అని మొదటి జవాబు చదివింది.

"కరెక్టు రాసిండు, ఎవడో మంచోడు," అన్నాడు పటేల్.

తర్వాతిది చైనా మనిషిది. "మా దగ్గరా పై అధికారి కూర్చోమనేదాకా కిందివాడు కూర్చోడు. పల్లెటూరివాణ్ని పట్నంలో చులకనగా చూస్తారు. కానీ ఈ ఫోటో నాకు అర్థం కాలేదు. లోపల చోటుంది కదా, ఆ మనిషి ఎందుకు బయట కూర్చున్నాడు?"

సుజాత పేజీని కిందికి జరిపింది.

"దానికి జవాబు," అని చదివింది. "ఆ హోటల్ గోడ కట్టింది మా నాయిన. ఇటుకలు మోసినన్ని దినాలు లోపలికి పోయిండు. గోడ లేసినంక బయటికొచ్చిండు."

"నేను చెప్పలే!" అంజయ్య అరిచాడు. "మా నాయిన అనే రాసిండు. శీనుగాడే!"

పటేల్ కుర్చీలోంచి లేచాడు. "కాలేజీకి పోయి గుంజుకరాండ్రి వాన్ని. ఊర్లెకు తీస్కపోయి కాళ్లు ఇరగ్గొడితె తెలుస్తది."

ఇద్దరు మెట్ల వైపు కదిలారు.

"ఆగుండ్రి," అంది సుజాత. "తమ్మునికి ఈ ముచ్చటే తెల్వదు. రాసింది నేను."

పటేల్ నవ్వేశాడు. నిజంగానే నవ్వాడు. "తమ్మున్ని కాపాడనీకె అంటున్నవ్. ఆడివిల్లవు, నీకు గింత తెలివేడిది?"

ఆమె నా కుర్చీలో కూర్చుంది. లాగిన్ అయింది, అంటే తన మారుపేరు, తనకొక్కదానికే తెలిసిన పాస్‌వర్డ్ కొట్టి ఫోరమ్ లోపలికి వెళ్లింది. ఆ జవాబు పక్కనున్న పేరు, తెర మీద పైన వెలిగిన పేరు ఒకటే. అంజయ్యకు ఇంగ్లీషు రాకపోయినా రెండు పేర్లను అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాడు. పటేల్ తెర మీది ఫోటో వైపు వేలు చూపించాడు.

"తీసెయ్," అన్నాడు.

"తియ్య."

అతని చెయ్యి లేచింది. ఎట్లా వచ్చిందో, నా నోట్లోంచి కేక వచ్చింది. "పటేలా, నా షాపుల ఆడివిల్ల మీద చెయ్యి పడితే బాగుండదు!" చెయ్యి దిగింది కానీ చూపు గుమ్మం వైపు తిరిగింది.

"మల్లయ్యా! నీ బిడ్డకు చెప్పుకుంటవా లేదా? రేపటి సంది ఊర్లె నిన్ను పనికి పిలిచేటోడు ఉండడు."

మల్లయ్య లోపలికి వచ్చాడు. చెప్పులు విడవబోయి మానేశాడు. కూతురి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని కాసేపు చూసి, దాన్ని లాక్కుని, పటేల్ నిలబడి ఉండగానే కూర్చున్నాడు.

"ఎక్కడనో చైనాల ఉన్నాయన అడిగిండు, గా మనిషి ఎందుకు బయట కూసున్నడని," అన్నాడు. "ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వలన్న గట్ల అడిగిండ్రా పటేలా?" తర్వాత తెర వైపు తిరిగాడు. "సదువు బిడ్డా. ఇంకేమన్నడు?"

సుజాత ఏడుస్తూ చదివింది. వచ్చినవాళ్లు ఎప్పుడు మెట్లు దిగారో నేను గమనించలేదు.

అన్నంత పనీ చేశారు. మల్లయ్యను ఊళ్లో పనికి పిలవలేదు, వనపర్తిలోనే మేస్త్రీల వెంట పని వెతుక్కున్నాడు. అంజయ్య ఫోటోకు భయపడి గాజు గ్లాసులు తీసేసి అందరికీ ప్లాస్టిక్ కప్పులే పెట్టాడట. బండ మాత్రం బయటే ఉందని సుజాత చెప్పింది.

నెట్ సెంటర్ మూసేసి చాలా కాలమైంది. మారుపేరు పెట్టుకుని దూరదేశం వాడితో వాదించే ధైర్యవంతులను నా క్యాబిన్లలో ఎందరినో చూశాను. రాసిన మాటను రాసినట్టే, అది ఎవరి గురించి రాశారో వాళ్ల మొహం మీద చదివిన మనిషిని ఒక్కదాన్నే చూశాను. ఆ రోజు నుంచి ఎవరైనా ఫోరమ్‌లో గొడవపడుతుంటే టైంపాస్ అని నవ్వడం మానుకున్నాను. ఆ అడ్డం వెనక ఎవరి నాయిన ఎక్కడ నిలబడి ఉన్నాడో నాకేం తెలుసు?